మొదటి కట్టు

మార్త అంటే నాకు గిట్టేది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేది కాస్త సులువవుతుంది.

బెజవాడలో మా ఆసుపత్రి మగవాళ్ళ సర్జికల్ వార్డుకి నేను హెడ్ సిస్టర్ని. అప్పటికి పదిహేడేళ్ళ సర్వీసు. మార్త గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చిన మామూలు నర్సు. సన్నగా, మాటా పలుకూ లేకుండా తన పని తాను చేసుకుపోయే మనిషి. ఆమె వచ్చిన ఆరు నెలలకే మార్త గారి హస్తవాసి మంచిదని వార్డంతా పాకిపోయింది. ఆమె కట్టు కడితే ఎంతటి పుండైనా మానుతుందట. పొద్దున్నే నేను ట్రాలీ తోసుకుంటూ మంచం దగ్గరకు వెళితే, రోగి భార్య నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ సాచి చూసేది. "ఆ సన్నంగా ఉండే సిస్టరమ్మ రాలేదాండీ?" అని అడిగేది. పదిహేడేళ్ళుగా చీమూ నెత్తురూ తుడుస్తున్న నా చేతులు వాళ్ళ కంటికి ఆనేవి కావు.

ఒళ్ళు మండేది. ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చున్నా ఆ మాటే గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

మా వైపు జనానికి ఒక నమ్మకం ఉంది. హస్తవాసంతా మొదటి చేతిలోనే ఉంటుందంటారు. ఆపరేషన్ అయిన పుండును మొట్టమొదట విప్పి కట్టింది ఎవరో, అది మానేదీ మాననిదీ వాళ్ళ చేతిని బట్టేనట. చదువుకున్నదాన్నే అయినా నాకూ అందులో సగం నమ్మకం ఉండేది. అందుకని ఒక రూలు పెట్టాను. వార్డులోకి ఏ కొత్త కేసు వచ్చినా మొదటి కట్టు నేనే కడతాను. అదేమంటే సీనియారిటీ అన్నాను. డాక్టరు రామకోటేశ్వరరావు గారు కాదనలేదు.

ఇంకో పని కూడా చేశాను. కట్టు కట్టేటప్పుడు ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కట్టుకోవాలి. మార్త ఒక్క రోజు కూడా మానేది కాదు, కళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. నేను కట్టుకోవడం మానేశాను. పుండు మానాక అది ఎవరి చేతి చలవో రోగికి గుర్తుండాలంటే ముఖం కనపడాలి కదా. గుడ్డను మెడలోకి జార్చుకుని, పుండు మీదకు వంగి, "నా పేరు సంపూర్ణమ్మ. గుర్తుపెట్టుకో బాబూ," అని చెప్పేదాన్ని.

డెబ్బై ఐదులో, ఎండలు ముదరకముందే, మా వార్డులో పుండ్లు మానడం ఆగిపోయింది. శుభ్రంగా కోసి కుట్టిన మామూలు హెర్నియా కూడా ఐదో రోజుకి ఎర్రబడి, కుట్ల మధ్య నుంచి పచ్చటి చీము కారేది. పెన్సిలిన్ ఇచ్చాం. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చాం. టెట్రాసైక్లిన్ మింగించాం. ఏదీ పనిచేయలేదు. చీము పట్టగానే వాళ్ళ వాళ్ళు మార్తను బతిమాలుకునేవారు. ఆమె రోజుకు రెండుసార్లు కడిగి కడుతుంటే కొందరివి నెలకో నెలన్నరకో ఎండేవి. చూశారా హస్తవాసి అనేవారు. మొదటి కట్టు కష్టం నాది, చివరికి పేరు దానిది.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు బసవపున్నయ్యను తీసుకొచ్చారు. వాడు ఉయ్యూరు దగ్గర చెరుకు రైతు. ఫ్యాక్టరీకి తోలుతున్న బండి చక్రం కాలి మీదకెక్కి, మోకాలి కింద ఎముక కనపడేలా చీరుకుపోయింది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. వాడి మొదటి కట్టు దగ్గర ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. ఊరి కబుర్లు చెబుతూ, నవ్విస్తూ, పుండు మీదకు వంగి అరగంట సేపు మిగిలిన మట్టంతా ఏరాను. ఈ కాలు మానాక చూద్దాం ఎవరి హస్తవాసి గురించి చెప్పుకుంటారో అనుకున్నాను.

నాలుగో రోజుకి జ్వరం వచ్చింది. ఆరో రోజుకి చీము పట్టింది. ఎనిమిదో రోజు వాడు గోడవైపు చూస్తూ నసిగాడు.

"అక్కా, ఏమీ అనుకోమాకు. రేపట్నించి ఆ మార్త గారి చేత కట్టించకూడదా? ఆవిడ చెయ్యి మంచిదంట, పక్క మంచమాయన చెప్పాడు."

పరాయివాళ్ళు అంటే పడ్డాను. చంకలో పెరిగినవాడు కూడా అదే మాట అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

"ఎవరు కట్టినా అదే గుడ్డ, అదే మందు. నోరు మూసుకుని పడుకో," అన్నాను. మార్తను ఆ మంచం దగ్గరకు పోనివ్వలేదు.

మర్నాడు డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"సంపూర్ణం గారూ, మీ తమ్ముడని దాచడం లేదు. ఈ వారంలో చీము తగ్గకపోతే మోకాలి దాకా తీసెయ్యక తప్పదండీ."

బసవడికి ఉన్నది మూడెకరాల చెరుకు, రెండు కాళ్ళు. కాలు పోతే పొలమూ నిలవదు.

"ఈ క్రిమి మన మందులకు మొండికెత్తింది," అన్నారాయన. "బయటి నుంచి వస్తోందనుకోను. మన స్టాఫులోనే ఎవరి ముక్కులోనో కాపురం ఉంటోంది. వాళ్ళకి ఏ జబ్బూ ఉండదు. మాట్లాడినా తుమ్మినా పోయి పుండు మీద పడుతుంది."

మార్తే, అనుకున్నాను వెంటనే. చీము పట్టిన ప్రతి మంచం దగ్గరా ఉండేది ఆమే. పైగా పొద్దస్తమానం ముఖం దాచుకు తిరిగేది కూడా ఆమే. దాచుకునేవాళ్ళ దగ్గరే దోషం ఉంటుందనిపించింది. నా బుద్ధి అప్పుడు అలా ఉంది మరి.

స్టాఫందరి ముక్కుల్లోంచీ దూదిపుల్లలతో చెమ్మ తీసి, రోగుల చీముతో పాటు పరీక్షకి గుంటూరు ల్యాబుకి పంపాం. క్రిమి ఉన్నట్టు తేలినవాళ్ళని రేపు జనం ఆడిపోసుకోకూడదని, పేర్లు రాయకుండా నెంబర్లు వెయ్యమన్నారు డాక్టరు గారు. ఏ నెంబరు ఎవరిదో రాసిన కాగితం ఒక్కటే, నా సొరుగులో. నాది నాలుగు. మార్తది ఏడు. ఏడో నెంబరే రావాలని కొండ మీది అమ్మవారికి మొక్కుకున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం కవరు నా చేతికే వచ్చింది. వార్డు మూలనున్న నా టేబుల్ దగ్గర కూర్చుని విప్పాను. నాలుగో నెంబరు ఎదురుగా ఎర్ర సిరా ఉంది. పెన్సిలిన్‌కు లొంగదు, స్ట్రెప్టోమైసిన్‌కు లొంగదు, టెట్రాసైక్లిన్‌కు లొంగదు. రోగుల చీములో పెరిగిందీ అదే. బసవడి కాలిలోదీ అదే. లొంగే మందు ఒకే ఒక్కటి ఉందని అడుగున రాశారు. ఏడో నెంబరు శుభ్రంగా ఉంది.

రెండుసార్లు చదివాను. మెడలో వేలాడుతున్న గుడ్డ మీద చెయ్యి పడింది. ఎవరి పుండు మీదకు వంగి ఏ కబుర్లు చెప్పానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మొదటి కట్టు, మొదటి కట్టు అని పోట్లాడి మరీ వాళ్ళకి పంచిపెట్టాను.

ఇంత తెలిశాక ఏం చేశానో చెబితే మీరు నమ్మరు. సొరుగు లాగి, తెల్లకాగితం తీసి, నెంబర్ల జాబితా మళ్ళీ రాశాను. నాలుగు, మార్త. ఏడు, సంపూర్ణమ్మ. పాతది నాలుగు మడతలు పెట్టి చింపబోయాను. రేపటి నుంచి మార్త పేరెత్తితే జనం ముక్కు మూసుకుంటారు. ఆ ఆలోచనకి నిజంగా సంతోషం వేసింది.

"అక్కా," అని పిలిచాడు బసవడు మూడో మంచం మీద నుంచి. "కట్టు తడిసిపోయింది. నువ్వే వచ్చి మారుస్తావా?"

ఇక మార్త ఊసెత్తకూడదనుకుని వాడే ఆశ వదులుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను రాసిన కాగితానికి అర్థం. మార్తను వార్డు నుంచి పంపేస్తారు. వాడి కాలి దగ్గర ఇక నేనుంటాను. నేనూ, నా ముక్కూ.

"నేను రానురా," అన్నాను. "మార్త వస్తుంది."

కొత్త కాగితం చింపేశాను. పాత కాగితం తీసుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నా మెడలోని గుడ్డ వైపు చూశారు. రెండు వారాలు ముక్కుకు ఆయింట్‌మెంటు, దుప్పట్ల గదిలో డ్యూటీ వేశారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. లొంగే మందు బెజవాడలో దొరక్క మద్రాసు నుంచి తెప్పించారు.

దుప్పట్ల గది కిటికీలోంచి వరండా దాటి మూడో మంచం కనిపించేది. మార్త రోజూ వాడి కాలి మీదకు వంగేది. వాడు ఏదో అనేవాడు, ఆమె తలూపేది. చీము తగ్గింది, జ్వరం తగ్గింది, కాలు నిలిచింది. సంతోషపడ్డానా అంటే పడ్డాను. దుప్పటి మడతపెడుతూ కళ్ళు తుడుచుకున్నాను. కానీ వాణ్ణి బతికిస్తున్న ఆ చేతులు చూస్తుంటే కడుపులో మంట మాత్రం తగ్గలేదు. మార్తకి అసలు సంగతి తెలుసో లేదో. తెలిసి ఒక్క మాట దెప్పి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆమె దెప్పలేదు.

మళ్ళీ చెరుకు కొట్టే రోజులొచ్చాయి. ఒక పొద్దున నేను ముఖానికి గుడ్డ కట్టుకుని ఎవరిదో పుండు కడుగుతున్నాను. వెనక నుంచి బసవడి గొంతు వినిపించింది.

"మార్త గారూ, నమస్కారమండీ. మీ హస్తవాసి వల్లే మళ్ళీ బండి తోలుకుంటున్నాను. కొత్త బెల్లం తెచ్చానండీ."

నేను వెంటనే వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట నా వీపుకైనా తగలడం అదే మొదలు. కాసేపు ఉండనిచ్చాను. తర్వాత తిరిగాను.

"నువ్వా అక్కా," అన్నాడు వాడు. కళ్ళు చూసి గుర్తుపట్టాడు. "గుడ్డ కట్టుకునేసరికి ఆవిడే అనుకున్నాను. ఆవిడేరీ?"

వాడు రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడ్డాడు. ఆ కాలు దక్కించుకోవడానికి నేనేం చేశానో చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను చేసిన ఒక్క మంచి పని చెప్పాలంటే ముందు చెడ్డపని చెప్పుకోవాలి.

"టిఫినుకెళ్ళింది. అక్కడ పెట్టు, ఇస్తాను," అన్నాను.

ఇచ్చాను. చిన్న ముక్కయినా విరుచుకోకుండా ఇచ్చాను.