మలుపులో మిణుకుమనే దీపం

ఆ కారుకు తూనీగ అని పేరు పెట్టింది మనవరాలే. ఎర్రగా, నేలకు అతుక్కుపోయినట్టుండి, కదిలిందంటే కంటికి ఆనని బండి. పేరైతే పెట్టింది గానీ, ఇంతవరకూ ఆ పిల్ల అందులో కూర్చోలేదు. వాళ్ళమ్మ కూర్చోనివ్వలేదు.

"నాలుగు వందల గుర్రాల బలమట. అందులో ఒక్కటి బెదిరినా చాలు," అంది కూతురు. "ఆ పసుపు దీపం సంగతి తేలేదాకా పిల్లని ఎక్కించను నాన్నా. నువ్వేమనుకున్నా సరే."

ఆయన ఏమీ అనుకోలేదు. ముప్పై ఏళ్ళు కళ్ళద్దాల షాపు నడిపిన మనిషి. కనబడట్లేదన్న వాళ్ళ మీద ఎన్నడూ విసుక్కోలేదు. ఏది కనబడట్లేదో ఓపిగ్గా కనుక్కోవడమే ఆయన పని. షాపు ఇంకొకరికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాక, ఆ ఇంట్లో రెండో మనిషి లేదని బాగా తెలిసొచ్చాక, ఒకరోజు వెళ్ళి ఈ కారు కొన్నాడు. షోరూమ్ అద్దం ముందు ఆగినప్పుడల్లా భార్య అనేది: "ఇందులో కూర్చుంటే మళ్ళీ లేవలేం గానీ, ఎంత ముద్దుగా ఉందో చూడండి." వాళ్ళ పాత కారు గురించీ ఆవిడకో మాట ఉండేది. మనం దాన్ని ఎక్కామో, అదే మన నెత్తికెక్కిందో అని.

దీపం సంగతి ఇది. స్పీడు చూపించే ముల్లు పక్కన చిన్న పసుపు బొమ్మ ఉంది. ఒక కారు, దాని వెనక రెండు వంకర గీతలు. ఊరంతా తిరిగినా అది వెలగదు. కూతురింటికి వెళ్ళే దారిలో, పూల కొట్టు దాటాక వచ్చే మలుపులో మాత్రం రెండు మూడుసార్లు మిణుకుమని ఆరిపోతుంది. పోనీ వేగమా అంటే, ఆయన బండి నడిపే తీరుకి సైకిళ్ళు కూడా గంట కొట్టి దాటిపోతాయని వీధిలో పేరు.

మొదట ఆయనకు తోచిన ఉపాయం ఒకటే. గేరు పక్కన అదే బొమ్మ ఉన్న బటన్ కనబడింది. నొక్కితే ఆరిపోతుంది కదా అని నొక్కాడు. దీపం ఆరడం మాని నిలకడగా వెలగడం మొదలుపెట్టింది. అలాగే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాడు.

మెకానిక్ తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారు సార్. అది దీపం స్విచ్ కాదు. చక్రం పట్టు తప్పబోతే ఇంజన్ని వెనక్కి లాగే కాపలా ఒకటుంది. మీరు దాన్నే ఆపేశారు. కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టేసినట్టుంది."

"అయితే దొంగ ఎవరు?"

"అది మీరే పట్టుకోవాలి. బండిలో మాత్రం లోపం లేదు." అతను బటన్ మళ్ళీ నొక్కి, దీపం ఆరిందని చూపించాడు. "ఒక్క మాట సార్. మీ పాత బండి యాక్సిలరేటర్ పెడల్ని తొక్కేవాళ్ళు. దీన్ని తొక్కకూడదు, నిమరాలి. మలుపులో అయితే అది కూడా వద్దు."

తను నిమురుతూనే ఉన్నాననుకున్నాడు ఆయన. కాబట్టి అనుమానం రోడ్డు మీదికి మళ్ళింది. మర్నాడు ఉదయం నడిచి వెళ్ళి, ఆ మలుపులో పేవ్‌మెంట్ అంచున నిలబడి, చెప్పు చివరతో తారును రుద్ది చూశాడు. నూనె లేదు, ఇసుక లేదు. పూల కొట్టామె బకెట్లు సర్దుతూ ఈయన్నే చూస్తోంది.

"ఏం పోగొట్టుకున్నారు బాబాయ్?"

"ఏమీ లేదమ్మా. నువ్వు ఈ నీళ్ళు రోడ్డు మీద పారబోస్తావా?"

"అయ్యో, ఎవరైనా జారితే నన్ను తిట్టరూ? వెనక మొక్కలకే పోస్తాను." ఆమె పరకాయించి చూసింది. "మీరు ఇదివరకు రోజూ వచ్చేవారు కదూ? పసుపు పూలే కావాలనేవారు. కట్టి ఇవ్వనా?"

"వాన వచ్చేలా ఉందమ్మా, వస్తాను," అని ఆయన గబగబా నడిచాడు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

ఇక మిగిలింది టైర్లు. చల్లగా ఉంటే పట్టు తక్కువని ఎక్కడో చదివి, ఊరు చుట్టి, వాటిని వెచ్చబరిచి వెళ్ళాడు. మలుపు రాగానే దీపం యథాప్రకారం కన్ను కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కూతురే వచ్చి పక్క సీట్లో కూర్చుంది. విరిగిన కాళ్ళకు మళ్ళీ నడక నేర్పించడం ఆమె ఉద్యోగం. మనుషుల మొహాలు మర్చిపోతుంది గానీ పాదాలు మర్చిపోదని వాళ్ళమ్మ వెక్కిరించేది.

"నడుపు నాన్నా. నేనున్నానని జాగ్రత్తపడకు. రోజూ ఎలా నడుపుతావో అలాగే."

పూల కొట్టు దాటింది. బూడిదరంగు భవనం గేటు దాటింది. మలుపులో దీపం మిణుకుమంది.

"చూశావా?"

"చూడలేదు."

"ఇంత దూరం వచ్చి చూడకపోవడమేమిటే?"

"దీపాన్ని చూడలేదు. నీ కాలు చూశాను." ఆమె గొంతు తగ్గించింది. "పూల కొట్టు దాకా బానే ఉంది. గేటు కనబడగానే మడమ బిగుసుకుంది. మలుపు తిరుగుతుండగా పెడల్ని తొక్కేశావు."

"నేనా? ఛా."

"ఇంకోసారి తిప్పు. ఈసారి నువ్వు కూడా కనిపెట్టు."

ఆయన చుట్టూ తిరిగి వచ్చాడు. ఎవరిదో కాలును పరీక్షిస్తున్నంత కుతూహలంగా తన పాదం మీదే మనసు పెట్టాడు. గేటు వచ్చింది. తను చెప్పకుండానే వేళ్ళు ముడుచుకోవడం, పాదం కిందికి దిగబోవడం తెలిసింది. చప్పున కాలు తీసి, బండిని పక్కకు ఆపాడు.

ఆ గేటు ఆసుపత్రిది. ఆయన భార్య చివరి నెలలు దాని మూడో అంతస్తులో గడిచాయి.

కూతురు గేటు వైపు చూసింది. తర్వాత, "పారిపోయేంతగా అక్కడ ఇంకేముంది నాన్నా," అంది.

ఆయన ఆ మాటకు నిజంగానే జవాబు వెతుక్కున్నాడు. ముందు మందుల వాసన గుర్తొచ్చింది. ఆ తర్వాత, ఎందుకో, ఒక కుర్చీ.

"ఒక నర్సుండేది," అన్నాడు. "టైమైపోయాక అందర్నీ పంపించేసేది. నాకు మాత్రం తలుపు వెనక కుర్చీ వేసేది. పెద్ద డాక్టరు వస్తే కాళ్ళు లోపలికి లాక్కోండి అనేది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నాకే ఇప్పుడు గుర్తొచ్చింది."

ఇద్దరూ దిగారు. పూల కొట్టామె వానొచ్చిందా అని అడగకుండా పసుపు పూలు కట్టి ఇచ్చింది. మూడో అంతస్తులో ఆ నర్సు ఆ పూట డ్యూటీలో లేదు. బల్ల దగ్గరున్న అమ్మాయి పూలు తీసుకుని, గ్లాసులో నీళ్ళు పోసి పెట్టింది. తలుపు వెనక కుర్చీ ఉంది. అందులో ఎవరో పెద్దమనిషి కాళ్ళు లోపలికి లాక్కుని కునుకు తీస్తున్నాడు. ఆయన కాసేపు ఆ మనిషిని చూసి, చప్పుడు చేయకుండా వచ్చేశాడు.

తిరుగుదారిలో మలుపు ముందే బ్రేకు వేసి, తిరిగినంతసేపూ పాదం తేలిగ్గా ఉంచి, రోడ్డు తిన్నగా అయ్యాకే పెడల్ని నిమిరాడు. దీపం వెలగలేదు. కూతురు ఆరిన దీపాన్ని ఓసారి చూసి, "వచ్చే ఆదివారం పిల్ల ఖాళీగానే ఉంటుంది," అంది.

ఆ ఆదివారం కూతురు వెనక చిన్న సీట్లో మనవరాలికి బెల్టు పెట్టి, రెండుసార్లు లాగి చూసి, తను ముందు కూర్చుంది. పిల్ల దారంతా మెడ సాచి దీపం కోసమే చూసింది. మలుపు వచ్చింది, వెళ్ళిపోయింది.

"ఏది తాతయ్యా, వెలగలేదేం? చెడిపోయిందా?"

"లేదమ్మా. ఇవాళ దానికి పనిలేదు."