పరుగెత్తకూడని ఆట

నెవిల్ మేజోళ్ళు ఎప్పుడూ తిరగబడే వస్తాయి. మడమ దగ్గర పట్టుకుని ఒక్క లాగు లాగి, బురదతో అలాగే వంటింటి తలుపు దగ్గర పడేస్తాడు. వాటిని సరిగ్గా తిప్పి, ఇరుక్కున్న గడ్డిపరకలు ఏరి మెషీన్‌లో వేయడం నా పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా పనే. అప్పట్లో రేవు జట్టు మేజోళ్ళు, ఇప్పుడు అరవై దాటినవాళ్ళు పరిగెత్తకుండా ఆడే నడక ఫుట్‌బాల్ మేజోళ్ళు.

"నీలంవాటిని తెల్లవాటితో కలపకు మాక్సీన్. కిందటిసారి చొక్కా పాడు చేశావు," అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. "నేను కెప్టెన్ని. ఆదివారం అందరూ చూస్తారు."

అందరూ నన్ను చూసిన రోజులూ ఉన్నాయి. పగలంతా గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసి, ముళ్ళు తీసి, వాసన పోయేదాకా చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని, సాయంత్రం బస్సెక్కి ఆటకు వెళ్ళేదాన్ని. మైదానం నడుమ నా చోటు. వేగం నా గొప్ప కాదు. ఎవరు ఎటు కదలబోతున్నారో వాళ్ళకన్నా ముందు నాకు తెలిసేది. నేను బంతిని అక్కడికి పంపేదాన్ని, మనిషి తర్వాత వచ్చి చేరేది. ఇంగ్లండ్ తరఫున నాలుగు మ్యాచ్‌లు ఆడాను. జీతం లేదు, బూట్లు మనమే కొనుక్కోవాలి, ఆట అయ్యాక చొక్కా తిరిగి ఇచ్చేయాలి. అయినా ఆ చొక్కా వేసుకుని గడ్డి మీద అడుగు పెట్టినప్పుడు నా ఒళ్ళు నాదే అనిపించేది. పెళ్ళయ్యాక అలా అనిపించిన చోటు ఇంకొకటి లేదు.

పెళ్ళయిన రెండో ఏడు మా జట్టు ఇటలీ వెళ్ళింది. ఎంపికైనవాళ్ళకి మేనేజర్ ఐలీన్ ఫోన్ చేస్తుందన్నారు. చేపల షెడ్డు నుంచి ఇంటికి రాగానే "ఫోనేమైనా వచ్చిందా?" అని అడిగేదాన్ని. "లేదు," అనేవాడు నెవిల్. మిగతా అమ్మాయిలు విమానం ఎక్కారని పేపర్లో చూశాను. ఆ రోజు నెవిల్ నా వీపు నిమిరాడు. "బాధపడకు మాక్స్. అంత దూరం తీసుకెళ్ళాలంటే కాళ్ళలో పస ఉన్నవాళ్ళనే చూసుకుంటారు. నువ్వు బాగానే ఆడతావు, కానీ మరీ అంత కాదు," అన్నాడు. మా అత్త ఐరిస్ ఆదివారం భోజనంలో మాంసం మీద పులుసు పోస్తూ, "అంతా మంచికే. ఆ పిక్కలు చూసుకున్నావా? మగాడి పిక్కల్లా తయారయ్యాయి," అంది. ఆ వారమంతా నెవిల్ బయటి నుంచి వేయించిన చేపలు, చిప్స్ పట్టుకొచ్చి నన్ను వంట చేయనివ్వలేదు. ఎంత మంచివాడో అనుకున్నాను. చాలా ఏళ్ళు, అతని మీద ఒళ్ళు మండినప్పుడల్లా ఆ వారాన్ని గుర్తు చేసుకుని నన్ను నేనే సముదాయించుకున్నాను.

మరుసటి ఏడు ఆట మానేశాను. మరీ అంత కాదు అన్న మాట లోపల దిగబడిపోయాక, బంతి కాలికి తగిలే ముందే భయం వేసేది. తర్వాత ఇద్దరు కొడుకులు, మంచాన పడిన అత్త, ప్రతి శనివారం రేవు జట్టుకి హామ్ శాండ్‌విచ్‌లు. క్లబ్బులో ఎవరైనా నా ఆట సంగతి ఎత్తితే నెవిల్ గ్లాసు ఎత్తి, "ఆ, మా ఆవిడ కూడా ఓ నాలుగు రోజులు బంతి తన్నిందిలే. ఇప్పుడు నన్ను తంతోంది," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

కిందటి నెల లింకన్‌లో పాత ఆటగత్తెలందరం కలిశాం. ఐలీన్‌కి ఎనభై దాటాయి. చేతికర్ర ఆనించుకుని నా పక్కన కూర్చుని, కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ అడిగింది. "ఏమే మాక్స్, ఆ పిల్లో పిల్లాడో ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఏ పిల్ల?"

"అదే, ఇటలీ వేళకి నీ కడుపులో ఉన్నది. నీ పేరు జాబితాలో మొట్టమొదట రాసుకున్నాను. ఫోన్ చేస్తే మీ ఆయన తీశాడు. కడుపుతో ఉంది, ఇక ఆడదు, ఫోన్లు చేసి దాని మనసు పాడు చెయ్యకండి అన్నాడు. నువ్వు లేక మైదానం నడుమంతా ఖాళీ అయిపోయిందే తల్లీ. మూడు ఆటలూ పోయాయి."

మా పెద్దవాడు పుట్టింది ఆ తర్వాత మూడేళ్ళకి.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళుగా నన్ను నేను ఎంత తక్కువ అంచనా కట్టుకున్నానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. చేపల షెడ్డులో సూపర్‌వైజర్ పని ఇస్తామంటే నా వల్ల కాదన్నాను. కారు నేర్చుకుంటానని మొదలుపెట్టి మానేశాను. కొడుకులు విసుక్కుంటే నాదే తప్పనుకున్నాను. ఇంటికి చేరేసరికి నెవిల్ టీవీ ముందు ఉన్నాడు. "ఇంత ఆలస్యమా? తినడానికి ఏముంది?" అన్నాడు. లివరు, ఉల్లిపాయలు వేయించి పెట్టాను. ఐలీన్ ఫోన్ సంగతి అడగలేదు. అడిగితే నవ్వి మాట మార్చేవాడు, ఆ నవ్వు నేను భరించలేను.

ఆ వారమే పక్కూరు క్లీథార్ప్స్ నడక జట్టులో చేరాను. ఆడా మగా కలిసి ఆడే జట్టు. వాళ్ళ గోల్‌కీపర్ థెల్మా, ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి, నా మొదటి పాస్ చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే నువ్వు?" అంది. తర్వాతి ఆట నెవిల్ జట్టుతోనే. నేను ఎదుటి జట్టులో ఆడుతున్నానని విని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆదివారం నది మీంచి చలిగాలి కొడుతోంది. "కుర్రాళ్ళూ, అది మా ఆవిడ. కాస్త చూసుకుని ఆడండి, రాత్రికి నాకు తిండి కావాలి," అని నెవిల్ అరిచాడు. కుర్రాళ్ళంటే డెబ్బై ఏళ్ళవాళ్ళు. ఈ ఆటలో పరుగు కుదరదు. పరిగెత్తితే ఈల వేస్తారు, మూడోసారికి బయటికి పంపుతారు.

ఎన్నో శనివారాలు గీత బయట శాండ్‌విచ్‌ల డబ్బాతో నిలబడి నెవిల్ కాళ్ళను చూశాను. తన పక్కనుంచి బంతి పోవడం అతను ఓర్చుకోలేడు. బంతిని నెమ్మదిగా, అతనికి అందీ అందనంత దూరంలోకి పంపాను. పరిగెత్తాడు. ఈల. మళ్ళీ పంపాను, ఇంకాస్త నెమ్మదిగా. "నేను నడిచానయ్యా!" అని రెఫరీ మీద అరిచాడు. సొంత జట్టువాళ్ళే నవ్వారు. మూడోసారి బంతి ఆపి, అతను నా కళ్ళలోకి చూసేదాకా ఆగి, అతని కాళ్ళ మధ్యలోంచే పంపాను. గిరుక్కున తిరిగి పరిగెత్తి, గడ్డి మీద జారి కూలబడ్డాడు.

రెఫరీ గీత వైపు వేలు చూపించాడు. నెవిల్ మోకాళ్ళు తుడుచుకుంటూ నా పక్కనుంచి పోతుంటే, అందరికీ వినబడేలా అన్నాను.

"కడుపుతో ఉన్నావా నెవిల్? మరి ఇంట్లో పడుకోకపోయావా?"

ఎవరో పెద్దగా నవ్వారు. నెవిల్ నవ్వలేదు. ముఖంలో నెత్తురంతా దిగిపోయింది. ఆ తర్వాత మేం రెండు గోల్స్ వేశాం. రెండూ నా పాస్‌ల మీదే. అతను బెంచీ మీద కూర్చుని చూశాడు.

ఆట అయ్యాక అతని కారులో కూర్చున్నాను. నా బట్టల పెట్టె పొద్దుటి నుంచీ థెల్మా కారులో ఉంది. ఐలీన్ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఆ సంగతులు నెవిల్‌కి ఇంకా తెలియవు. తాళంచెవి చేతిలో పట్టుకున్నాడు గానీ ఇంజను వేయలేదు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"నెల రోజుల్నుంచి."

"నీ మంచికే చెప్పాను మాక్స్. అమ్మకి అప్పటికే ఒంట్లో బాలేదు. నువ్వలా ఊళ్ళు పట్టుకు తిరిగితే ఇల్లేం కావాలి? నేనేం తినాలి?" నా వైపు తిరిగాడు. గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది. "అయినా నెల నుంచీ వండి పెడుతున్నావు, ఉతుకుతున్నావు, ఒక్క మాట కూడా అనలేదు. అంటే క్షమించినట్టే కదా. లేకపోతే ఇన్నాళ్ళు ఎందుకుంటావు?"

"ఇవాళ్టి ఆట కోసం," అని తలుపు తీసుకుని దిగాను.