పది లక్షల మూడు

హ్యాండిల్ నొక్కినప్పుడల్లా మిషను టిక్కుమంటుంది, నంబరు ఒకటి పెరుగుతుంది. దరఖాస్తు ఫారాల మీద వరస నంబర్లు వేయడమే అతని పని. ముప్ఫై ఏళ్లుగా అదే. కుడి బొటనవేలికి పట్టిన సిరా ఏ సబ్బుకీ లొంగదు. ప్రెస్సులో అందరికీ అతను నంబర్ల మామ.

ఇంట్లో భార్య మంచం పట్టింది. మూడు నెలలకు మించదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆమెకు లెక్కలంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో అతను రోజూ ఒక నంబరు తెచ్చేవాడు. వంట దించేలోపు దాన్ని ఏవేవి భాగిస్తాయో చెప్పేసేది. డాక్టరు మాట విన్న రోజు అతను పది లక్షల మూడు తెచ్చాడు.

"ఇది నీకు లొంగదే," అన్నాడు.

"దీని పొగరేంటో చూద్దాం. ఇది తేలేదాకా నేనెక్కడికీ పోను లెండి."

వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. వాటిలో ఏదీ దాన్ని శేషం లేకుండా భాగించకపోతే, అదీ ప్రధాన సంఖ్యే. పలక మీద రోజుకు ఒక్కదానితోనే భాగించాలి, తొందరపడితే తప్పులొస్తాయని నియమం పెట్టాడు. ఆహా, పెద్ద లెక్కల మాస్టారు! అతనికి కావలసింది రోజులు. మూడు నెలలు దాటాయి, ఐదూ దాటాయి. ఇవాళ మిగిలింది ఆఖరిది, 997.

భోజనాల వేళ క్యారియర్ విప్పనేలేదు. ఇంకో సంఖ్య కావాలి, మొండిది కావాలి. పది లక్షల ముప్ఫై మూడు పట్టుకున్నాడు. మూడుతో పోలేదు, ఏడుతో పోలేదు, పదమూడుతోనూ పోలేదు. హమ్మయ్య అనుకున్నాడు. మిషనుకున్నవి ఆరు చక్రాలే. చిత్తుకాగితం మీద 000033 కొట్టి, ముందు పెన్సిలుతో 1 రాసి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటి గుమ్మంలో భార్య చెల్లెలు నిలబడి ఉంది. ఆ మొహం చూడగానే అతను చెప్పులు విడవకుండానే లోపలికి నడిచాడు.

"ఇప్పుడే బావా, నిద్రలోనే," అంది. "మధ్యాహ్నం పలక అడిగింది. బావ వచ్చాక చేద్దువుగాని అన్నాను. 'మీ బావ ఇంకోటి జేబులో పెట్టుకొస్తాడే, పిచ్చిమనిషి. నా వల్ల కాదిక, ముందే తేల్చేస్తాను' అంది."

పలక మీద అక్షరాలు వణికాయి గానీ లెక్క తప్పలేదు. భాగఫలం 1003, శేషం 12. కింద, "మీరే గెలిచారు."

అతను పెద్దగా ఏడ్చాడు. ఎప్పటికో కాగితం తీసి ఆమె దిండు పక్కన పెట్టాడు. 000033 నల్లగా, స్పష్టంగా ఉంది. ముందు పెన్సిలుతో రాసిన 1 మాత్రం చేతి చెమటకు సగం చెరిగిపోయింది.