అడుగున కత్తిరించిన పేరు

సంచి అడుగున ముందు పెద్ద తువ్వాలు పరిచింది. దాని మీద ఈత దుస్తులు, నీటి కళ్ళద్దాలు. అవి రోజూ పెట్టేవే. తరువాత మామూలు బట్టలు, కీళ్ళనొప్పుల మాత్రలు, సగంలో ఆపిన నవల సర్దింది. అవి రోజూ పెట్టేవి కావు.

"నీళ్ళల్లో మునిగే పనికి అంత సంచెందుకే?" అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండానే. "ఇంట్లో గిన్నెలు మాత్రం పొద్దుట్నించీ నీళ్ళ మొహం చూడలేదు."

"కడిగే వెళ్తాను అత్తయ్యా."

కడిగింది కూడా. పోతూ పోతూ కూడా సింకు ఖాళీ చేసి పోవాలనిపించిందంటే ఆ అలవాటు ఎముకల్లోకి ఎంత దిగిందోనని తన మీద తనకే చిరాకు వేసింది.

క్లబ్బు ఈతకొలనులో ఆడవాళ్ళకు ఆమె ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఈత నేర్పుతోంది. భర్త ఆ క్లబ్బుకు కార్యదర్శి. పాఠాల కోసం ఒక కంపెనీ అమ్మే బొమ్మల పుస్తకం కొన్నారు. నకళ్ళు తీయరాదని అట్ట వెనక స్పష్టంగానే ఉంది. ఆయన పుస్తకమంతా జిరాక్స్ తీయించాడు. ప్రతి కాగితం అడుగునా ఉన్న కంపెనీ పేరునూ, బొమ్మ గీసిన మనిషి పేరునూ కత్తెరతో తీసేసి, క్లబ్బు ముద్ర కొట్టించి, కొలను గోడ నిండా అంటించాడు.

"వాళ్ళకి ఒక ముక్క రాసి అడుగుదామండీ," అని ఆమె ఆనాడే అంది.

"అడిగితే కాదంటారు. మనమేమన్నా అమ్ముకుంటున్నామా? ఊరికే చెప్పే పాఠానికి కాపీరైటేంటి? నీకొచ్చింది ఈత. అది చూసుకో."

ఊరికే చెప్తున్నది ఎవరు? అరిగేవి తన మోకాళ్ళు, చెడేది తన నిద్ర. దాత పేరు మాత్రం ఆయనది, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. పైగా తన పని ఊరికే వస్తోంది కాబట్టి ఆ బొమ్మలు గీసినావిడ పనీ ఊరికే రావాలట. పేరును బట్టి ఆడమనిషే. ఏ వంటింటి బల్ల మీదో, పొయ్యి మీద కూర ఉడికేలోగా గీసి ఉంటుంది. ఆ పేరు కత్తెర కింద పడుతుంటే తనదే ఏదో తెగినట్టయింది. తెగడం కొత్తేమీ కాదు. ఉత్తమ శిక్షణకు షీల్డు అందుకున్నదీ ఆయనే. "మా ఇంట్లోవాళ్ళు కూడా కాస్త చెయ్యి వేశారు," అన్నాడు మైకులో. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

మొన్న కంపెనీ మనిషి వచ్చి గోడ చూశాడు. ఇది ఎవరు చేశారో క్లబ్బు చెప్పాలని, ఆ మనిషి క్షమాపణ చెప్పాలని నోటీసిచ్చి పోయాడు. భోజనాల దగ్గర ఆయన గొంతు ఎన్నడూ లేనంత మెత్తనైంది.

"నువ్వే కత్తిరించావని ఒప్పేసుకో. కమిటీ ముందు ఒక్క నిమిషం తల వంచితే సరి. నన్నైతే పదవిలోంచి దింపేస్తారు. నీకేముంది? జీతమే లేనిదానికి ఏం కోస్తారు?"

"పాఠాలు ఆపించేస్తారు కదండీ."

"ఆగితే మరీ మంచిది. అమ్మకి వేళకి కాఫీ అయినా దొరుకుతుంది."

ఇప్పుడు ఆమె సంచి భుజానికి తగిలించుకుంటే ఆయన పేపరు వెనక నుంచే అన్నాడు, "సాయంత్రం కమిటీ. మర్చిపోకు."

"నేను చెయ్యని పని చేశానని చెప్పనండీ."

"సరే సరే, తల ఆరాక మాట్లాడుకుందాం."

నోటీసు రాగానే కాగితాలు పీకేయడంతో కొలను గోడ బోసిగా ఉంది. దర్జీ పని చేసే ఆవిడ మెట్టు మీదే నిలబడిపోయింది. ఆవిడకు నీళ్ళంటే ప్రాణభయం.

"బొమ్మల్లేకుండా ఎలాగక్కా?"

"నేనున్నాగా. వెల్లకిలా పడుకో." వీపు కింద అరచెయ్యి ఆనించింది.

"చెయ్యి తియ్యకక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"నీళ్ళల్లో నా కాళ్ళు నీకెక్కడ దొరుకుతాయే?"

దర్జీ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఒళ్ళు వదులైంది.

"ఇంకా పట్టుకునే ఉన్నావా?"

"ఎప్పుడో తీసేశా."

వెళ్ళేముందు కంపెనీకి ఫోను చేసింది. "పేర్లు కత్తిరించింది మా కార్యదర్శి. వద్దన్నాను గానీ, వాటితోనే పాఠాలు చెప్పాను. ఆ బొమ్మలు వేసినావిడకి చెప్పండి, అవి చూసి చాలామంది తేలారని."

కమిటీ కూర్చునే వేళకు ఆమె చెల్లెలి ఊరి బస్సులో ఉంది. తడి తువ్వాలు ఒళ్ళోనే ఉంది.

ఆమె ఆ శనివారం పొద్దున ఇల్లు దాటింది. మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు అత్తగారు పోయినప్పుడు కూడా రాలేదు.