ఇసుక మేట వేసిన మడి

యూనివర్సిటీ ఆఫీసు మెట్ల మీద బాలలక్ష్మి పొద్దుటి నుంచి కూర్చుని ఉంది. ఏటా వచ్చినప్పుడు కొత్త బియ్యం మూటో, చిక్కుడుకాయల సంచో వెంట ఉండేది. ఈసారి ఒట్టి చేతులు. వాగు పొంగి వరిచేనును ఊడ్చుకుపోయింది. పోతూ పోతూ మడి నిండా మోకాలి లోతు ఇసుక పోసిపోయింది.

పొలం రాజశ్రీది. ఆమె ఈ ఆఫీసులోనే సూపరింటెండెంటు, ఇల్లు తార్నాకలో. దున్నేది, నాటేది, కోసేది మాత్రం బాలలక్ష్మి. కౌలుకు కాగితం లేదు, నోటి మాటే. నష్టం రాసుకోవడానికి వ్యవసాయాధికారి గట్టు మీదికి వచ్చి "పంట ఎవరిది?" అంటే, అలవాటుగా రాజశ్రీ పేరే చెప్పింది. ఊళ్లో కౌలుదార్లందరూ అంతే. సర్కారు మనిషి ముందు తమ పేరు చెప్పుకుంటే భూమి మీద కన్నేశారంటారు యజమానులు, మరుసటేడు మడి ఇవ్వరు. అలా పరిహారం పోయి రాజశ్రీ ఖాతాలో పడింది. ఆ డబ్బు చేతికొస్తేనే ఇసుక తీయించడం. యాసంగి నారు పోసేలోపు తీయించకపోతే ఇంట్లోకి గింజలు కొనుక్కోవాల్సిందే.

మధ్యాహ్నం రాజశ్రీ బయటికొచ్చి, ఆమెను క్యాంటీన్‌కు తీసుకెళ్లి చాయ్ బిస్కెట్లు ఇప్పించింది.

"ఫోన్ చేస్తే అయిపోతుండె గదక్కా, గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"ఫోన్ల అడిగితే మీటింగుల ఉన్న అంటవు. గీడికొస్తే ఏమంటవో సూద్దామని."

రాజశ్రీ నవ్వింది. "పైసలు పడ్డయి. సగం నీకిస్త, సగం నేనుంచుకుంట. సర్కారు ఇచ్చింది భూమి మీదనే గదా?"

బాలలక్ష్మి తొందరపడలేదు. బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, విరిగి పడకముందే నోట్లో వేసుకుంది.

"నీ కౌలు ఉగాదికే ముట్టింది గదమ్మా. వాగు నీ పాస్‌బుక్కు కొట్టుకపోలే, నా వరి కొట్టుకపోయింది."

"మరి పేరు నాదే చెప్తివి?"

"నువ్వే గట్ల చెప్పమంటివి. ఏటేటా చెప్తనే ఉన్న."

"పోనీ, ఆ సగం వచ్చే ఏడు కౌలుల తగ్గించుకో."

"ఇసుకల నాటమంటవా? సగం పైసలతోని సగం మడి తీస్తే, మిగిలిన దాంట్ల ఏం పెట్టాలె, పుచ్చకాయలా? నాతోని కాదు తల్లీ. చెరువు కింద మల్లన్న మడి కౌలుకిస్తనంటున్నడు, అది చూసుకుంట. పైసలు మొత్తం నువ్వే ఉంచుకో, ట్రాక్టర్లు నువ్వే పిలిపించుకో. ఆఫీసర్‌వి, నీ మాట వింటరు."

గొంతులో కోపం లేదు. రాజశ్రీ చాయ్ మీద మీగడ కట్టింది. ఇసుక మేట వేసిన మడిని ఊళ్లో ఇంకెవరూ ముట్టరని ఆమెకు తెలుసు. పొలం దాకా వెళ్లి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. ఇక ట్రాక్టరు వాళ్లెవరో, కూలికి ఎవరొస్తారో ఏం తెలుస్తుంది?

"మల్లన్నకు మాటిచ్చినవా?"

"నిన్ను అడగకుంట ఎట్లిస్త?"

రాజశ్రీ నిట్టూర్చి బ్యాగు తీసుకుంది. "నడువ్, తార్నాకల బ్యాంకున్నది."

బ్యాంకులో డబ్బు మొత్తం తీసి ఇచ్చింది. బాలలక్ష్మి దాన్ని కొంగున ముడేసి రొండిన దోపుకుంది. బయట స్టాపులో ఉప్పల్ బస్సు వచ్చి ఆగింది.

"అక్కా, వచ్చే ఏడు కౌలు ఎప్పటిలెక్కనే గదా?" అంది రాజశ్రీ.

బాలలక్ష్మి ఫుట్‌బోర్డు మీద కాలుపెట్టి వెనక్కి తిరిగింది. "ముందుగాల మట్టి కనబడనియ్యమ్మా. అప్పుడు మాట్లాడుకుందం."