తీసేయని పడవ పేర్లు

నేను ఒక సర్వర్‌ని. హోటల్లో ఇడ్లీలు వడ్డించే సర్వర్‌ని కాదు గాని, పని అలాంటిదే. ఎవరో ఫోన్లో అడుగుతారు, నేను పేజీ అందిస్తాను. పుట్టింది ఒక కాలేజీ ల్యాబ్ కోసం. అక్కడి విద్యార్థులు నా మీద లెక్కలకన్నా పేకాట ఎక్కువ నేర్చుకున్నారు. కొత్త యంత్రాలు రాగానే నన్ను పాత సామాన్ల గదిలోకి నెట్టారు. అక్కడే ఫిజిక్సు చెప్పి రిటైరైన పట్నాయక్ మాస్టారు నన్ను అడిగి తీసుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. నా ఫ్యానుకు పట్టిన దుమ్మును పాత పంచె ముక్కతో తుడిచేవారు. యంత్రాన్ని అంత మెల్లగా ముట్టుకునే చేతులు తక్కువ.

మాస్టారి ఇల్లు భీమిలి దగ్గర ఒక జాలరిపేటను ఆనుకుని ఉంది. వేట ముగించుకుని వచ్చే పడవలవాళ్లు ఏ రేవులో అలలు తక్కువగా ఉన్నాయో నా పేజీలో చూసుకుంటారు. నీటి మీద ఫోన్లో మాట అందకపోయినా, రెండు వాక్యాల పేజీ ఎలాగో అందుతుంది. వాళ్లు తెరవగానే పడవ పేరు పక్కన ‘చూశారు’ అని పడుతుంది. దాని కోసం ఇంట్లోవాళ్లు మాటిమాటికీ ఆ పేరు నొక్కుతుంటారు.

ఈ సాఫ్ట్‌వేరు మాస్టారే రాశారు. ఒకరు నొక్కి చూడటం అయిపోగానే ఆ పేరు నా మెమరీలోంచి చెరిగిపోయేలా మొదట రాశారు. చేపలమ్మే మసేనమ్మ అది విని గుమ్మంలోనే బుట్ట దించేసింది.

“ఏటి బాబూ, నీటి మీదున్న మడిసి పేరు తుడిసేత్తారా? సేతులెలా వొత్తాయండి?”

మాస్టారు నొచ్చుకుని ప్రోగ్రాములో ఆ చెరిపే వరసనే తీసేశారు. ఆ మర్యాద నా ప్రాణం మీదికి తెచ్చింది. తిని వెళ్లినవాళ్ల విస్తళ్లు ఎత్తకపోతే కొత్తవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? పేరు నొక్కిన ప్రతిసారీ నా మెమరీలో ఒక విస్తరి మిగిలిపోయేది. పడవలన్నీ ఒడ్డునున్న రోజు చూసి మాస్టారు నన్ను ఆర్పి వెలిగించేవారు. అలా గడిచిపోయింది.

వాయుగుండం పట్టిన మధ్యాహ్నం అలా గడవలేదు. నాలుగైదు పడవలు ఇంకా నీటి మీదే ఉన్నాయి. మసేనమ్మ భర్త గురయ్య ఎక్కిన బంగారుతల్లి వాటిలో ఒకటి. పేటంతా పేర్లు నొక్కుతోంది. నాలో చోటు తరిగిపోతోంది. ఒక పేజీ ఇవ్వడానికే ఊపిరి సలపడం లేదు. వరండా నిండా ఆడవాళ్లు.

“మసేనమ్మా, దీన్ని ఒకసారి ఆర్పాలి. పేర్లన్నీ పోతాయి. వెలిగాక మళ్లీ రాస్తాను” అన్నారు మాస్టారు.

“మావోడి పడవ పేరు కూడానా?”

“అదీను.”

“ఆర్పకపోతేనో?”

“తనంత తానే ఆగిపోతుంది. గురయ్య చూసే వేళకు పేజీ ఉండదు. అలవాటు కొద్దీ పెద్దరేవుకే వస్తాడు.”

పెద్దరేవులో అలలు పడవల్ని తిరగేస్తున్నాయని అందరికీ తెలుసు. మసేనమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

“అయితే ఆర్పండి. అది నిద్దరోయినంతసేపూ పేర్లు మా నోట్లో ఉంటాయి. బంగారుతల్లి… బంగారుతల్లి…”

“గట్టిగా అనవే వొదినా! మొగుణ్ణి తిట్టినప్పుడుండే గొంతేదీ?” అంది ఆడపడుచు, ఏడుస్తూనే. ఎవరి పడవ పేరు వాళ్లు అందుకున్నారు. ఆ గోల వింటూ నేను ఆరిపోయాను.

మళ్లీ మెలకువ వచ్చేసరికి నాలో ఏమీ లేదు. వరండాలో మాత్రం పేర్లు ఆగలేదు. మాస్టారు వింటూ ఒక్కొక్కటే రాశారు. ‘పెద్దరేవుకు రావద్దు, చిన్నరేవుకు రండి’ అని పైన పెట్టారు. ఒక పడవ చూసింది. ఇంకోటి చూసింది. బంగారుతల్లి చూడలేదు. మసేనమ్మ గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

అప్పుడు నీటి మీద నుంచి, పేజీ కోసం సన్నగా ఒక పిలుపు వచ్చింది. సగంలో తెగి, మళ్లీ వచ్చింది. పేజీ పంపాను. బంగారుతల్లి పేరు పక్కన ‘చూశారు’ అని పడింది. అందించడం వరకే నా పని. పడవ ఏ రేవుకు తిరిగిందో నాకు తెలియదు.

చీకటి పడకముందే గురయ్య తడి బట్టలతో వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. మసేనమ్మ అతణ్ణి ఒకసారి తేరిపార చూసింది. తిన్నగా తెర దగ్గరికి వచ్చింది.

“ఇంకా ఉంచీసేరేటి బాబూ? తీసీండి. మడిసి వొచ్చీసేడు కదా.”

ఆ రాత్రే మాస్టారు నన్ను సరిచేశారు. ఒడ్డు చేరిన పేరును ఇప్పుడు వదిలేస్తున్నాను. అది ఖాళీ చేసిన చోటు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. గాలి లేచిన రోజుల్లో మాత్రం, ఇంకా ఒడ్డు చేరని పేరు ఒక్కటి మిగిలి ఉన్నా నా ఫ్యాను నిమ్మళంగా తిరగదు.