నల్లటి రాగి బిళ్ల

మావారు సుబ్రహ్మణ్యం పోయాక ఆయన రాగి బిళ్లల పెట్టె నాకు మిగిలింది. తెల్లవాళ్ల కాలంలో మద్రాసు వర్తకులు చిల్లర దొరక్క సొంతంగా కొట్టించుకున్న బిళ్లలవి. ఎవరి బిళ్ల వాళ్ల కొట్లోనే చెల్లేది. వాటిలో ఒకటి ఆయన ఇరవై రెండేళ్లు జేబులోనే పెట్టుకు తిరిగారు. ఆసుపత్రి మంచం మీద కూడా అది చేతిలోనే ఉంది. అక్షరాల సందుల్లో ఆయన చేతి చెమటకి పట్టిన నలుపు, అంచున ఆయన బొటనవేలు చేసిన నునుపు. ఒకసారి తోమబోతే, "శాంతా, అది మురికి కాదు, వయసు" అన్నారు.

ఫిల్మ్ నగర్ నుంచి వరప్రసాద్ అనే కళా దర్శకుడు వచ్చి, పెట్టెంతా చూసి ఆ బిళ్లనే అడిగాడు. పాతకాలం సినిమా, హీరో చేతిలో ఉండాలట.

"మాదంతా ఒరిజినల్ అండీ. టైటిల్స్‌లో సార్ పేరు కూడా వేస్తాం."

పేరు అనేసరికి మెత్తబడ్డాను. ఉన్నది ఉన్నట్టు తిరిగివ్వాలని రెండుసార్లు చెప్పాను, బళ్లో పిల్లలకి చెప్పినట్టు. వాళ్లలాగే తలూపాడు.

నెల తర్వాత ఆఫీసుకి పిలిచి, వెల్వెట్ సంచిలోంచి బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. నిన్న కొన్న చెంబులా మెరుస్తోంది.

"తోమారా?"

"హీరో చేతిలో ఈ మసేంటయ్యా అన్నారండీ ప్రొడ్యూసర్ గారు."

టీ తెచ్చిన కొమురమ్మ నా ముఖం చూసింది. "నాకేమెరుక మేడమ్? చింతపండు పెట్టి తోమమన్నరు, తోమిన."

"పోనీ, సినిమాలో బాగా కనిపించిందా?" అని వరప్రసాద్‌ని అడిగాను.

"అదేనండీ... తోమాక మరీ కొత్తదిలా ఉంది. డైరెక్టర్ గారేమో పాతది కావాలన్నారు. ఫైబర్‌తో డూప్ చేయించేశాం."

గర్వంగా చూపించాడు. నల్లగా, అంచు అరిగి, అచ్చం మాదే. మావారి బొటనవేలి నునుపు కూడా రంగుతో తెచ్చారు. గాజు పెట్టెలో ఉంది. ఎవరూ ముట్టుకోకూడదట.

"మరి ఆయన పేరు?"

"సార్ బిళ్ల వాడలేదు కదండీ."

బిళ్ల గుప్పిట్లో పెట్టుకుని లేచాను. అతనికే జాలేసినట్టుంది.

"ఫీలవకండి మేడమ్. దీనిక్కూడా వయసు తెప్పించి ఇస్తాం. మా పెయింటర్‌కి రెండు రోజుల పని."

"మావారికి ఇరవై రెండేళ్లు పట్టింది. మీవాళ్లు చాలా చురుకు."

"థాంక్యూ మేడమ్" అన్నాడు.

వెల్వెట్ సంచి బల్ల మీదే వదిలేశాను. ఆటో షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేసరికి బిళ్ల పట్టుకున్న అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. తుడుచుకోలేదు.